వాటాలు పడని ఇల్లు

గత వేసవిలో ఒక రాత్రి మా పెదనాన్నగారి పెద్దబ్బాయి ఊరినుంచి ఫోను చేశాడు. "ఒరే, పాత కలప కొనేవాళ్ళు వచ్చారు. స్తంభాలూ, దూలాలూ, ద్వారబంధాలూ అన్నిటికీ కలిపి ఒక ధర చెప్పారు. ఇల్లు విప్పించే ఖర్చు కూడా వాళ్ళదేనట. స్థలం సంగతి తరవాత చూసుకుందాం. దాదాపు అందరూ ఒప్పుకున్నారు. నీ సంతకం కూడా పంపిస్తే పని అయిపోతుంది" అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. "ఆలోచించడానికేముందిరా? వచ్చే వానలకి కప్పు నిలుస్తుందో లేదో!" అన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. వారం తిరగకుండా కాగితాలు వచ్చాయి. నా బల్లమీద చాలాకాలం అలాగే పడి ఉన్నాయి.

కోనసీమలో మా ముత్తాతగారు 1911లో కట్టించిన మండువా లోగిలి అది. వీధి అరుగు, దాటితే సావిడి, సావిడి దాటితే నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశానికి తెరుచుకున్న మండువా. నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి ఉండేది. వాన వస్తే ఇంటి కప్పుమీద పడిన నీళ్ళలో సగం ఇంటి నడిబొడ్డునే ధారలు కట్టి, పడమటి మూలనున్న తూములోంచి పెరట్లోకి పోయేవి. స్తంభాలు బర్మా టేకువి. ఒక్కొక్కటీ చిన్నపిల్లలు ఇద్దరు చేతులు కలిపితే తప్ప కౌగిట్లో ఇమిడేది కాదు. ఇప్పుడు ఆ స్తంభాలకే గిరాకీ. హోటళ్ళవారూ, ఊరి బయట తోట ఇళ్ళు కట్టుకునేవారూ కొంటారట. మా ఇల్లు ఎక్కడో ఒక భోజనశాలలో అలంకారమై మళ్ళీ నిలబడుతుందన్నమాట.

అయితే ఈ ఇల్లు ఇవాళ కూలడం మొదలుపెట్టలేదు. 1958లో మా తాతగారూ ఆయన తమ్ముడూ వేరుపడ్డప్పుడు పెద్దమనుషులు కూర్చుని ఇంటిని నిలువునా రెండు వాటాలు చేశారు. మండువా మధ్యగా తూర్పు పడమరల్ని విడదీస్తూ ఒక గోడ లేచింది. తూము పడమటి వాటాలోకి పోయింది. 1983లో చిన్నతాతగారి పిల్లలు తమ సగాన్ని తీసేసి డాబా కట్టుకున్నారు. తూము పూడిపోయింది. ఆనాటినుంచీ మా సగం మండువాలో పడిన వాన ఎటూ పోలేక నిలవ ఉండేది. స్తంభాల మొదళ్ళు నానాయి, చెదలు పట్టింది, పైన దూలం కుంగింది. వంద సంవత్సరాలు నిలవవలసిన టేకుని చంపింది వాన కాదు, వాటాల కాగితం మీద తూము సంగతి ఎవరూ రాయకపోవడం. ఆ దస్తావేజు నా దగ్గర ఉంది. గుమ్మాలు ఎన్నో, కొబ్బరిచెట్లు ఎన్నో, నూతిలో నీళ్ళు తోడుకునే హక్కు ఎవరికో వివరంగా రాశారు. ఆ ఇంట్లో నీరు ఎలా పారుతుందో మాత్రం రాయలేదు.

ఈ కాగితాలు బల్లమీద ఉండగానే, ఒక శనివారంనాడు బోస్టన్‌కి దక్షిణాన ఉన్న క్విన్సీ పట్టణానికి వెళ్ళాను. ఎన్నో ఏళ్ళుగా ఈ ప్రాంతంలోనే ఉంటున్నా, ఎర్ర లైను రైలు అక్కడిదాకా పోతుందని తెలిసినా, ఎన్నడూ దిగి చూడని ఊరు. అక్కడ ఆడమ్స్ కుటుంబంవారి ఇల్లు ఉంది. అమెరికా రెండవ అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, ఆరవ అధ్యక్షుడైన ఆయన కుమారుడు జాన్ క్విన్సీ ఆడమ్స్, తరవాతి రెండు తరాలవారూ 1788నుంచి 1927దాకా ఆ ఇంటిని విడవకుండా ఉంచుకున్నారు. నాలుగు తరాలు, నూట ముప్పయి తొమ్మిది సంవత్సరాలు. ఆ కుటుంబంవారు దాన్ని పాత ఇల్లు అనే పిలుచుకునేవారట. మనమూ అంతే కదా, ఊళ్ళో ఎంత పెద్ద ఇల్లున్నా "పాతింటికి వెళ్ళొస్తా" అంటాం.

నేను ఊహించుకుని వెళ్ళింది ఒక రాజభవనాన్ని. అక్కడ ఉన్నది చెక్కతో కట్టిన, తలుపులు తక్కువ ఎత్తులో ఉన్న, కాలక్రమాన ఒక్కొక్క గదీ అతుక్కుంటూ పెరిగిన ఒక పల్లెటూరి పెద్ద ఇల్లు. జాన్ ఆడమ్స్ లండనులో రాయబారిగా ఉండగానే, 1787లో, చూడకుండా కొనిపించాడు దాన్ని. మరుసటి ఏడు ఓడ దిగి వచ్చి చూసిన ఆయన భార్య అబిగెయిల్‌కి అది పిట్టగూడంత కనిపించింది. ఆమె కుమార్తెకి రాసిన ఉత్తరంలో ఆ నిరాశ అంతా ఉంది. కాని ఆవిడ నిరాశతో ఊరుకోలేదు. భర్త అధ్యక్షుడుగా దూరాన ఉండగా, తానే పనివాళ్ళను పెట్టి, 1800లో తూర్పున ఒక భాగం కట్టించింది. కింద పెద్ద గది, పైన ఆయన చదువుకునే గది. ఇల్లు దాదాపు రెట్టింపయింది. ఎన్నికల్లో ఓడిన జాన్ ఆడమ్స్ 1801లో తిరిగివచ్చి, మిగిలిన ఇరవై అయిదేళ్ళూ ఆ ఇంటనే గడిపి, 1826 జూలై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్ళు నిండిన రోజున, అక్కడే కన్నుమూశాడు.

ఆయన ఆ గదిలో కూర్చున్న కుర్చీ ఉంది. ఆయన మనుమడు కూర్చున్న కుర్చీ పక్కగదిలో ఉంది. వస్తువులన్నీ ఆ కుటుంబంవే. ప్రదర్శన కోసం ఎక్కడినుంచో కొని తెచ్చినవి కావు. ఒక తరంవారు వాడిన పింగాణీ పక్కన ఇంకో తరంవారి దీపం. చూస్తున్నంతసేపూ నాకు మా ఇంటి భోషాణం జ్ఞాపకం వచ్చింది. ముత్తాతగారి జమాఖర్చు పుస్తకాలూ, ధాన్యం లెక్కలూ, తాతగారికి రంగూన్‌నుంచి వచ్చిన ఉత్తరాలూ అందులో ఉండేవని మా నాన్నగారు చెప్పేవారు. నాకు ఊహ తెలిసేసరికే భోషాణం ఒక వాటాలోకీ, దాని తాళం ఇంకో వాటాలోకీ పోయాయి. తాళం పగలగొట్టి చూసేసరికి లోపలున్నది చెదపుట్ట.

ఇక్కడే నాకు ఆ ఇంటివారి మీద మొదటిసారి అసూయ కలిగింది. 1848లో చనిపోయిన జాన్ క్విన్సీ ఆడమ్స్ వీలునామా రాస్తూ, తన పుస్తకాలకూ కాగితాలకూ నిప్పంటుకోని ఒక కట్టడం కావాలని కోరాడు. కుమారుడు చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్ 1870లో దాన్ని కట్టించాడు. రాతి గ్రంథాలయం. ఇంటికి ఆనించి కాదు, తోటలో విడిగా. ఇల్లు కాలిపోయినా కాగితాలు మిగలాలని దాని ఉద్దేశం. పన్నెండు వేలకు పైగా పుస్తకాలున్నాయి అందులో. గోడలకంటే ముందు ఉత్తరాలను కాపాడుకోవాలనుకున్న వంశం అది. జాన్, అబిగెయిల్ దంపతులు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలే వెయ్యికి పైగా మిగిలాయి. కుటుంబ పత్రాలకోసం 1905లో ఒక ట్రస్టు పెట్టుకుని, చివరికి 1956లో వాటిని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీకి అప్పగించారు.

మన ఇళ్ళలో ఇల్లు నిలబెట్టుకోవాలన్న తపన ఉన్నవారికి కూడా కాగితం విలువ తెలియదు. గుమ్మానికి ఏటేటా పసుపు రాస్తాం. ఆ గుమ్మం చెక్కిన వడ్రంగి పేరు రాసి ఉన్న జమాఖర్చు పుస్తకాన్ని మాత్రం తూకానికి వేస్తాం. పేరు పోయిన తరవాత గుమ్మం కలప మాత్రమే. కలప కనక దానికి ధర ఉంటుంది. ధర ఉన్నది అమ్ముడుపోతుంది.

అయితే, ఆ కుటుంబం ఏదో మహానుభావుల గుంపనీ, మనం పనికిమాలినవాళ్ళమనీ చెప్పడం నా ఉద్దేశం కాదు. అటువంటి పోలికలంటే నాకు మొదటినుంచీ చిరాకు. ఆ ఇల్లు ఎలా నిలిచిందో కాస్త దగ్గరగా చూస్తే మనకు అర్థమయ్యే సంగతులే కనిపిస్తాయి. జాన్ ఆడమ్స్‌కి వారసులు చాలామందే ఉన్నారు. ఆయన వీలునామాలో ఇంటినీ చుట్టూ ఉన్న భూమినీ పెద్దకొడుకు తీసుకోవచ్చునన్నాడు, కాని ఊరికే కాదు; అందుకు బదులుగా సొమ్ము చెల్లించాలన్నాడు. అది మిగతా వారసులకు చేరుతుంది. అప్పటికి ఆ కొడుకు దేశాధ్యక్షుడు. అయినా ఆ మొత్తం ఆయనకు భారమే. ఆయన భార్య లూయిసాకు ఆ బేరం నచ్చలేదు. ఇంటిమీది మమకారంతో అప్పుల్లో పడతావని ఎవరైనా ఇల్లాలు అనే మాటే అది.

ఆ వీలునామాలో నాకు నచ్చింది న్యాయం. ఇంటిని ముక్కలు చెయ్యలేదు. అలాగని మిగతావాళ్ళ నోట్లో మట్టీ కొట్టలేదు. ఇల్లు ఒకరికి, దాని విలువ అందరికీ. మన పెద్దమనుషుల తీర్పుల్లో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. విలువ ఎవరికీ దక్కదు, ఇల్లు మాత్రం అందరికీ తలొక గోడ చొప్పున దక్కుతుంది.

ఇంకొక నిజం కూడా చెప్పుకోవాలి. తరవాతి తరంలో ఆ ఇల్లు నిశ్చింతగా నిలవడానికి కారణం, చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్ బోస్టన్‌లోని మహాధనికుల్లో ఒకడైన పీటర్ చార్డన్ బ్రూక్స్ కుమార్తెను పెళ్ళాడటం. వంశగౌరవం భర్తది, డబ్బు భార్యది. అంతకు ముందు తరంలో ఇల్లు పెంచి కట్టించిందీ ఒక ఇల్లాలే. ఆ కాలపు చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీకి సొంత ఆస్తి అన్నదే లేదు. అయినా అబిగెయిల్ 1816లో తన చేతితో ఒక వీలునామా రాసి, తనదనుకున్న సొమ్మునీ బట్టల్నీ నగల్నీ చాలావరకు తన వంశంలోని ఆడవాళ్ళకే పంచింది. చట్టం ఎదుట ఆ కాగితానికి విలువ లేదు. 1818లో ఆమె పోయాక భర్త దాన్ని గౌరవించాడు.

ఈ మాట ఎందుకు తెస్తున్నానంటే, పాత ఇళ్ళు కూలిపోతున్నాయని మా బంధువుల్లో ఎవరు బాధపడినా చివరికి ఒక మాట దగ్గరికి వస్తారు: "ఆడపిల్లలకి వాటాలొచ్చాక ఇళ్ళేం మిగులుతాయి?" ఈ మాట నేను విని విని విసిగిపోయాను. 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షను ఒకటుండేది. కుటుంబం నివసించే ఇంట్లో కూతురికి వాటా ఉన్నా, మగ వారసులు తమంతట తాము పంచుకోవాలనుకునేదాకా ఆమె పంపకం అడగకూడదని దాని సారాంశం. పెళ్ళికానివారికీ, భర్త విడిచినవారికీ, వితంతువులకూ తలదాచుకునే హక్కు మాత్రం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో సవరణ చేసి కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన హక్కు ఇచ్చారు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. అప్పుడే ఆ 23వ సెక్షనూ పోయింది. అంటే, యాభై ఏళ్ళపాటు ఇంటిని పగలగొట్టే అధికారం చట్టప్రకారం మగవాళ్ళ చేతుల్లోనే ఉంది. మా మండువాలో గోడ లేచింది 1958లో. కట్టింది అన్నదమ్ములు. అప్పుడు మా మేనత్తలను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

చట్టానికి ఇంటి మీద కొంత దయ ఉన్నమాట నిజమే. 1893నాటి పార్టిషన్ చట్టంలో 4వ సెక్షను ఉంది. ఉమ్మడి కుటుంబపు నివాసగృహంలో ఒకరి వాటాను పరాయివాడు కొని పంపకం కోరుతూ కోర్టుకెక్కితే, ఆ వాటాను న్యాయమైన ధరకి తామే కొనుక్కునే హక్కు కుటుంబంవారికి ఉంటుంది. పరాయివాడు ఇంట్లో జొరబడకుండా అడ్డుకునేందుకు ఇంత ఏర్పాటు ఉంది. మన వాళ్ళనుంచి ఇంటిని కాపాడే సెక్షను మాత్రం ఏ చట్టంలోనూ లేదు. అది మనం రాసుకోవలసిందే.

క్విన్సీలోని ఇంట్లో చివరిగా ఉన్నవాడు బ్రూక్స్ ఆడమ్స్, జాన్ ఆడమ్స్‌కి మునిమనుమడు. 1927లో ఆయన పోయాక ఆ ఇంట్లో కాపురం ఉండేవాళ్ళు లేరు. వారసులు ఉన్నారు. అమ్ముకోవచ్చు, పంచుకోవచ్చు. వారు ఒక సంఘంగా ఏర్పడి ఇరవై ఏళ్ళ దగ్గరగా ఇంటిని కనిపెట్టి, 1946లో ఫెడరల్ ప్రభుత్వానికి దానంగా ఇచ్చేశారు. జాతీయ ఉద్యానాల శాఖ అప్పటినుంచీ దాని బాగోగులు చూస్తోంది. నేను ఆ తోటలో నిలబడి ఈ సంగతి చాలాసేపు ఆలోచించాను. నాలుగు తరాలు ఆ ఇంటిని "మాది" అంటూ కాపాడాయి, సరే. అయిదో మెట్టు దగ్గర ఆ ఇంటిని కాపాడింది "మాది" అనడం మానుకోవడమే. నా అభిప్రాయం ఈ ఒక్క మాటలో ఉంది. ఇల్లు ప్రేమవల్ల నిలవదు, ఏర్పాటువల్ల నిలుస్తుంది. ఆ ఏర్పాటులో ఏదో ఒకనాడు ఎవరో కొందరు తమ వాటాను వదులుకోవలసి ఉంటుంది.

వదులుకుంటే ఇంకొక లాభం ఉంది. తనదైన ఇంటి గురించి ఎవడూ పూర్తి నిజం చెప్పడు. ఆ పాత ఇంటిని మొదట 1731లో కట్టించింది ఆడమ్స్ కుటుంబం కాదు. లెనర్డ్ వాసల్ అనే చక్కెర తోటల యజమాని. తోటలు జమైకాలో. అక్కడ పని చేసింది బానిసలు. బానిసలను ఎన్నడూ ఉంచుకోని జాన్ ఆడమ్స్ కొనుక్కున్న ఇంటి పునాదిలో ఆ చక్కెర ఉంది. ఆ ఇంటివాడే అయిన జాన్ క్విన్సీ ఆడమ్స్ 1841లో, ఆమిస్టాడ్ ఓడమీద తిరగబడ్డ ఆఫ్రికన్ల పక్షాన సుప్రీంకోర్టులో వాదించి గెలిచాడు. విడుదలయినవారు ఆయనకు కృతజ్ఞతగా ఇచ్చిన బైబిలు ఆ రాతి గ్రంథాలయంలోకి చేరింది. చక్కెరా బైబిలూ రెండూ ఒకే ఆవరణలోవి. ఇల్లు నలుగురిదీ అయినప్పుడు రెంటినీ చెప్పక తప్పదు.

మా ఇంటి నిజం నేను చెబుతాను. దొడ్డి గుమ్మం దాటి మండువాలోకి మా పాలేర్లు ఎన్నడూ రాలేదు. ఆ ఇంటికి మట్టి తొక్కినవాళ్ళూ, పెంకు మోసినవాళ్ళూ గృహప్రవేశంనాడు పెరట్లో ఆకులు వేసుకుని తిన్నారు. ఉత్తరం వైపు వంటింటి పక్కన కిటికీ లేని గది ఒకటి ఉంది. మా తాతగారి అక్కగారు, మేమంతా మామ్మ అని పిలిచే ఆవిడ, పదకొండో ఏట వితంతువై పుట్టింటికి వచ్చి, 1974లో పోయేదాకా ఆ గదిలోనే ఉన్నారు. దాదాపు అరవై అయిదేళ్ళు. అప్పటికి ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ కాలం కాపురం ఉన్న మనిషి ఆవిడే. 1958 దస్తావేజులో ఆవిడ పేరు లేదు. "ఉత్తరపు చీకటి గది" అని మాత్రం ఉంది, మా తాతగారి వాటా కింద.

ఇంటిని కాపాడటం అంటే స్తంభాలకు నూనె పట్టించి, అరుగు మీద వాలుకుర్చీ వేసి, వెన్నెలనీ పనసతొనల్నీ తలుచుకోవడమే అయితే, నిజం చెప్పాలంటే, ఆ ఇల్లు హోటలుకి పోయినా నాకు బాధ లేదు. అక్కడా అదే చేస్తారు, ఇంకా బాగా చేస్తారు. ఆ చీకటి గది గురించి చెప్పగలిగేది మాత్రం ఆ గది ఉన్నచోటనే. స్తంభాలను ఎత్తుకుపోయేవారు ఆ గదిని ఎత్తుకుపోరు.

ఇక మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు: అధ్యక్షుల ఇల్లు కనక ప్రభుత్వం తీసుకుంది, మీ ముత్తాతగారింటిని ఎవరు తీసుకుంటారు? ఎవరూ తీసుకోరు. కట్టడాల వారసత్వం కోసం 1984లో ఏర్పడ్డ ఇంటాక్ వంటి సంస్థలు పాత కట్టడాల జాబితాలు తయారు చేస్తాయి, సలహా ఇస్తాయి. పెంకు మార్పించవు. ఏడాదికోసారి పెంకు సర్దించకపోతే, కోతులు కదిపిన ఒక్క పెంకు సందులోంచి దిగిన నీరు నాలుగేళ్ళలో వాసాన్ని తినేస్తుంది. అది ఊళ్ళో ఉన్నవాడు చూసుకోవలసిన పని. నాలాగా సముద్రానికి ఈవల కూర్చుని పాత ఇళ్ళ గురించి వ్యాసాలు రాసేవాడి పని కాదు. నేను నా వాటా వదులుకోవడం గొప్ప త్యాగమూ కాదు, నాకు దానితో అవసరం లేదు. ఫోను చేసిన మా అన్నయ్య పరిస్థితి వేరు. ఆయన ముప్పయ్యేళ్ళుగా ఆ కుంగిన దూలం కింద కాపురం ఉన్నాడు. కిందటేడు ఆసుపత్రికి ఎంత ధారపోశాడో నాకు తెలుసు. ఆయన్ని "అమ్మకు" అనే హక్కు నాకు ఎక్కడినుంచి వచ్చింది?

అందుకే సంతకం పెట్టలేదు, పెట్టనని కూడా అనలేదు. సంతకం కావలసిన పదకొండు మందికీ ఒకే ఉత్తరం రాశాను. ఏమి చేసినా చెయ్యకపోయినా ముందు ఇంటిని కొలతలు తీయించి, గది గదీ ఫోటోలు తీయించి, ఎవరు ఏ గదిలో ఉండేవారో, ఎవరిని ఏ గుమ్మం దాటనివ్వలేదో పెద్దవాళ్ళు ఉండగానే రాయిద్దామన్నాను. ఇంటికీ స్థలానికీ కలిపి న్యాయంగా ధర కట్టించి, డబ్బు అవసరం ఉన్నవారికి వారి వాటా విలువను మిగిలినవాళ్ళం చెల్లిద్దామన్నాను. అందులో మొదటి పేరు మా అన్నయ్యది. అవసరం లేనివాళ్ళం వాటాలు వదులుకుని, ఇంటిని ఒక ట్రస్టు పేర రిజిస్టరు చేయిద్దామన్నాను. చిన్నతాతగారి మనుమలను బతిమాలి, వాళ్ళ డాబా పక్కనుంచి తూముకి దారి అడుగుదామని కూడా రాశాను. నిజానికి అన్నిటికంటే ముందు కావలసింది అదే.

జవాబులు ఒక్కసారిగా రాలేదు. ఇద్దరు సరేనన్నారు. ఒకరు "నీకేం, డాలర్లు" అన్నారు, కాదనలేకపోయాను. నలుగురు ఇప్పటికీ ఏమీ అనలేదు. అన్నయ్య పదిరోజులు ఊరుకుని, "కొలతలు తీసేవాణ్ణి పంపించు, చూద్దాం. కలపవాడికి సంక్రాంతి దాకా ఆగమన్నాను" అన్నాడు. సంక్రాంతి వెళ్ళిపోయింది. కలపవాడు ఇంకా ఆగే ఉన్నాడు. పడమటి వాటావాళ్ళు తూము సంగతి విని నవ్వి, "అరవై ఏళ్ళ తరవాత గుర్తొచ్చిందా?" అన్నారట. కాని కాదనలేదు. డాబా పక్కన ఒక మూర వెడల్పున తవ్వుకోనిస్తామన్నారు. ఆ కాలవ తవ్వించాం. ఇప్పటికి పూర్తయిన పని అదొక్కటే.

అందరికంటే ఆలస్యంగా మా చిన్న మేనత్త దగ్గరినుంచి ఫోను వచ్చింది. ఎనభై ఆరేళ్ళు. వినపడదు కనక తాను చెప్పదలచుకున్నది చెప్పి పెట్టేస్తుంది. "నా వాటా నాకొద్దురా నాయనా, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. కాని ఇల్లు బాగుచేయిస్తే మా అత్త గదికి ఒక కిటికీ పెట్టించండి" అంది.

ఈ మాటని కొలతలు తీసిన కుర్రవాడితో అంటే, "అలా మారిస్తే అసలుది పోతుంది కదండీ, ఉన్నది ఉన్నట్టు ఉంచాలి" అన్నాడు. శాస్త్రప్రకారం అతను చెప్పింది సబబే. అబిగెయిల్ కట్టించిన తూర్పు భాగం గురించి అతనికి చెప్పాను. ఆ గది కిటికీ లేకుండా ఎలా ఉండేదో పటం గీసి, ఫోటో తీసి, మామ్మ పేరుతో సహా కింద రాసిపెట్టమన్నాను. ఆ తరవాత కిటికీ ఎక్కడ పెట్టవచ్చో చూడమన్నాను. ఉత్తరపు గోడకే పెట్టవచ్చునట. అవతల వేపచెట్టు ఉంది.

అమ్మకం కాగితాలు ఇంకా నా బల్లమీదే ఉన్నాయి. వాటి పక్కన ఇప్పుడు హక్కు వదులుకునే దస్తావేజు నకలు కూడా ఉంది. రెండిట్లో ఏది నిలుస్తుందో ఈ వానాకాలం తేలుస్తుంది. మీ ఊళ్ళో, మీ వంశంలో ఎవరైనా ఇంటిని ముక్కలు కాకుండా ఏదైనా పద్ధతిన నిలబెట్టుకుని ఉంటే, కాగితం మీద ఏమి రాసుకున్నారో, డబ్బు అవసరమైనవాళ్ళకు ఎలా సర్దుబాటు చేశారో చెప్పండి. వెన్నెల రాత్రుల జ్ఞాపకాలు నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి. ఆ కాగితం నమూనాయే ఎక్కడా దొరకలేదు.